శంకోన్మాదము: సర్పభ్రాంతి వెనుక రజ్జువు

రజ్జువునందు సర్పాన్ని చూచినవాని దృష్టాంతం వేదాంతులకు సుపరిచితం. దీపం రాగానే సర్పం అదృశ్యమవుతుంది. అయితే ఎన్ని దీపాలు తెచ్చినా తొలగని భ్రాంతి ఒకటి ఉన్నది. వైద్యులు దానిని పారనోయా అన్నారు. దాని చరిత్రలో అత్యంత ప్రసిద్ధుడైన రోగి ఒక న్యాయాధిపతి.

డానియల్ పాల్ ష్రేబర్ 1842లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో జన్మించాడు. 1893లో డ్రెస్డెన్ ఉన్నత న్యాయస్థానంలో ధర్మాసనాధ్యక్షుడైన కొన్ని వారాలకే అతనికి నిద్ర లుప్తమై బుద్ధి చలించింది. వైద్యుడు ఫ్లెక్సిగ్ తన ఆత్మను హత్య చేయజూస్తున్నాడనీ, ఈశ్వరుడు కిరణాల ద్వారా తన నాడులను పీడిస్తున్నాడనీ నమ్మాడు. ఈశ్వరుడు శవాలనే ఎరుగుననీ, జీవించియున్న మనుష్యుని ఎరుగడనీ అతని నిశ్చయం. ఉన్మాద ప్రలాపమే కావచ్చును; కానీ ఇంతకన్న ఘోరమైన ఏకాకిత్వం ఊహకు అందదు.

1903లో అతడు తన అనుభవాలను గ్రంథంగా ప్రకటించాడు. ఫ్రాయిడ్ అతనిని ఎన్నడూ చూడకయే, ఆ గ్రంథాన్ని మాత్రం చదివి, 1911లో నిరుద్ధ కామమే వ్యాధికి మూలమని వ్యాఖ్యానించాడు. మానవజాతి నశించి తానొక్కడే మిగిలినట్లు ష్రేబర్ తలచిన ఘట్టంలో ఎలియాస్ కనెటీ మరొకటి చూచాడు. సర్వులనూ అతిక్రమించి ఏకైకుడుగా మిగలాలనే నియంత యొక్క అహంకారమూ ఈ రోగమూ సహోదరాలని 1960లో ప్రకటించాడు.

మరి రజ్జువు మాట? ష్రేబర్ తండ్రి వైద్యుడు. పిల్లల దేహాలు నిటారుగా నిలుచుటకు పట్టీలు, లోహపు సాధనాలు కల్పించినవాడు. వక్షస్థలాన్ని ఎవరో నొక్కుతున్నారనే కుమారుని భ్రాంతిలో ఆ పట్టీల స్మృతి ఉన్నదని తరువాతి పరిశోధకుడు నీడర్లాండ్ అభిప్రాయపడ్డాడు.

సమాజశాస్త్రం ఈ సూత్రాన్నే అన్యమార్గంలో పట్టుకొన్నది. రోగి తన చుట్టూ ఒక మిథ్యా శత్రుకూటమిని కల్పించుకొంటాడని 1943లో కామెరాన్ వ్రాశాడు. 1962లో ఎడ్విన్ లెమర్ట్ దానిని ఖండించాడు. విసుగు పుట్టించే మనిషిని సహచరులు నిజంగానే దూరం పెడతారు, చాటున సంప్రదించుకొంటారు, ఎదుట కృత్రిమంగా మాట్లాడతారు. శంక బహిష్కారాన్ని తెస్తుంది, బహిష్కారం శంకను దృఢపరుస్తుంది. కూటమి సర్వథా మిథ్య కాదు.

సొన్నెన్‌స్టైన్ చికిత్సాలయంలో నిర్బంధితుడై ఉండగానే ష్రేబర్ తన విడుదలకై తానే వాదించుకొన్నాడు. భ్రమలు తొలగలేదని ఎరిగియు, స్వవ్యవహారాలను నిర్వహించుకొనగల సమర్థుడని నిర్ణయించి, న్యాయస్థానం 1902లో అతని అధికారాలను అతనికి తిరిగి ఇచ్చింది.