ఒకే శక్తి, రెండు గోడలు

రక్షణ గాజుకు ఇవతలే నిలబడండి. లోపల బిగించి ఉన్నది జెట్ ఇంజిన్ టర్బైన్ బ్లేడు. దాని ఒంటినిండా అర మిల్లీమీటరు రంధ్రాలు పడాలి. ఇంజిన్‌లో దాన్ని తాకే వాయువు ఆ లోహం కరిగేదానికన్నా ఎక్కువ వేడిగా ఉంటుంది. ఈ రంధ్రాల్లోంచి వచ్చే గాలి పొరే దాన్ని కాపాడాలి.

టక్! పల్సు పడింది. బీము కంటికి కనబడదు, అది 1,064 నానోమీటర్ల పరారుణ కాంతి. మీకు కనిపించింది ఎదురుచిమ్మిన నిప్పురవ్వలే. ఒక్క మిల్లీసెకను. ఆపాటికే వేడి లోహంలోకి దాదాపు పదోవంతు మిల్లీమీటరు పాకింది.

పక్కన తెర చూడండి. కెమెరా పట్టిన బీము బొమ్మ: నడుమ ఎరుపు, అంచులకు పోనుపోను నీలం, కుప్పపోసిన ధాన్యంలా. ఇది గాసియన్ బీము. శిఖరం దగ్గర తీవ్రత సగటుకు రెట్టింపు. అక్కడ నికెల్ 2,700 డిగ్రీలు దాటి ఆవిరవుతోంది, ఆ ఒత్తిడికి కరిగిన లోహం పైకి ఎగజిమ్ముతోంది. అంచున ఉన్నది శిఖరంలో 13.5 శాతమే. అది తొలచలేదు, ఊరికే వదలదు కూడా. లోహాన్ని కాల్చి, కొంత కరిగించి అక్కడే వదిలేస్తుంది. పైగా బ్లేడు వాలుగా ఉంది. ఉపరితలానికి 30 డిగ్రీల కోణంలో పడిన బీము మచ్చ రెట్టింపు పొడవు సాగుతుంది, తీవ్రత సగమవుతుంది. బలహీనమైన అంచు మరింత నీరసిస్తుంది.

ఆపరేటరు ఆప్టిక్స్ మార్చాడు. శక్తి అంతే, మచ్చ వెడల్పూ అంతే. తెర మీద కుప్ప చదునైంది, అంచు నిట్టనిలువుగా తెగింది. టాప్-హ్యాట్ బీము. టక్! ఈసారి రంధ్రం చుట్టూ రంగుమారిన వలయం సన్నగా ఉంది.

ఇప్పుడు సూక్ష్మదర్శినిలోకి వంగండి. అడ్డంగా కోసి మెరుగుపెట్టిన మొదటి రంధ్రం ఇది. గోడకు అంటుకుని కరిగి గడ్డకట్టిన పొర, అందులో వెంట్రుకవాసి పగుళ్లు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్ఎల్ 2021లో విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందించిన 60 బ్లేడ్లలాంటివి ఒక్కొక్కటీ ఒకే స్ఫటికంగా పోతపోసినవి. అంత కష్టపడి సాధించిన క్రమం ఈ పొరలో చెదిరిపోతుంది. పగులు మొదలయ్యేది ఇక్కడే.

అలాగని చదును బీమే ఎప్పుడూ గొప్పది కాదు. దాని ఆకారం ఫోకస్ దగ్గరే నిలుస్తుంది, లోతుకు పోతే చెదురుతుంది. సన్నని లోతైన రంధ్రానికి గాసియనే మేలు. అందుకే డ్రిల్లింగుకు లేజర్ ఎంచుకునేటప్పుడు వాట్లు అడిగి ఊరుకోకండి, లోహం మీద పడేచోట బీము ఆకారం ఎలా ఉందో చూపించమనండి.