హెల్మ్‌ష్టెట్ నుంచి గోదావరి గట్టుకు

రాజమండ్రిలో లూథర్‌గిరి తెలియనివారు తక్కువ. హెల్మ్‌ష్టెట్ పేరు విన్నవారు ఇంకా తక్కువ. కానీ మన ఊరి లూథరన్ మిషన్ చేయి జారిపోకుండా నిలబెట్టిన మనిషి పుట్టింది ఆ జర్మన్ ఊళ్లోనే.

క్రీ.శ. 952 నాటి రాతల్లోనే హెల్మ్‌ష్టెట్ ప్రస్తావన ఉంది. ఇప్పటికీ జనాభా పాతికవేలకు అటూ ఇటూ. 1576లో బ్రన్స్‌విక్ పాలకుడు డ్యూక్ యూలియుస్ అక్కడ విశ్వవిద్యాలయం పెట్టడంతో ఊరి దశ తిరిగింది. తత్వవేత్త జొర్డానో బ్రూనో కొంతకాలం అక్కడున్నారు. గణిత మేధావి గౌస్ 1799లో డాక్టరేట్ పట్టా అందుకున్నది అక్కడే. నెపోలియన్ తమ్ముడు జెరోమ్ ఆ ప్రాంతానికి రాజయ్యాక 1810లో విశ్వవిద్యాలయాన్ని మూయించాడు. ఎంత అన్యాయం! పాత భవనం, అందులోని గ్రంథాలయం మాత్రం నేటికీ మిగిలాయి.

ఆ ఊళ్లో 1793లో పుట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్‌ను, ఫ్రెంచి సైన్యాల కాలంలో, 1807లో తల్లిదండ్రులు అమెరికాలోని మేనమామ దగ్గరికి పంపేశారు. అక్కడ పాస్టరై, 1842లో గుంటూరు వచ్చారు. మధ్యలో వైద్యం కూడా చదివి, తర్వాత పల్నాడులో పనిచేశారు.

రాజమండ్రి కథ వేరుగా మొదలైంది. ధవళేశ్వరం ఆనకట్ట పనులింకా మొదలవని రోజుల్లో, 1845లో, ఉత్తర జర్మన్ మిషనరీ సంఘం తరఫున వాలెట్ ఇక్కడికి వచ్చారు. డబ్బు చాలక ఆ సంఘం 1851లో మిషన్‌ను అమెరికన్ లూథరన్లకు అప్పగించింది. అమెరికా అంతర్యుద్ధం తర్వాత వాళ్లకీ మనుషులు కరువయ్యారు. 1869లో ఆంగ్లికన్ సంఘానికి ఇచ్చేద్దామనుకున్నారు. అప్పుడు జర్మనీలో ఉన్న హయ్యర్‌కు ఆ కబురు తెలిసింది. వెంటనే అమెరికా వెళ్లి, ఇవ్వొద్దని వాదించి, నేనే వెళ్తానన్నారు. అప్పటికాయన వయసు 76! అదే ఏడు చివర్లో రాజమండ్రిలో దిగి, కొత్తవారు కుదురుకునేదాకా ఉండి, 1871లో వెనుదిరిగారు. రెండేళ్లకు ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు. గుంటూరు, రాజమండ్రి మిషన్లు కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘమయ్యాయి.

ఆయన పుట్టిన ఊరు రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీని చీల్చిన సరిహద్దు మీద పడింది. పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు మీద పోయేవారికి 1990 దాకా అదే ముఖ్యమైన దారి.

మీ ఇళ్లలో, చర్చిల్లో ఆ మిషన్ కాలపు ఉత్తరాలు, రిజిస్టర్లు, ఫొటోలు ఉంటే చెదలపాలు కానీయకండి. ఊరి చరిత్ర రాసేవారికి చూపండి.