ఫైలుకు త్రోవ

శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి 1936 వరకు గంజాం జిల్లాలో ఉండెను. ఆ యేట ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రము కాగా విశాఖపట్టణం జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా అందులోనికి వచ్చినది. ఊరు ఉన్నచోటనే ఉన్నది. చిరునామా మాత్రము పదునాలుగేండ్లలో రెండుసార్లు మారినది.

కంప్యూటరులోని ఫైలుకును ఇట్టి చిరునామాయే కలదు. జిల్లాలో మండలము, మండలములో గ్రామము ఇమిడియున్నట్లు డైరెక్టరీలో డైరెక్టరీ, దానిలో ఫైలు ఉండును. ఈ చెట్టువంటి అమరికను అమెరికాలో 'మల్టిక్స్' వ్యవస్థకొరకు డేలీ, న్యూమన్ అనువారు 1965లో వివరించిరి. 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్ దానిని వ్యాపింపజేసినది. పేరుకును పేరుకును నడుమ మల్టిక్స్ '>' గుర్తును, యూనిక్స్ '/' గుర్తును ఉంచినవి. 1983లో డైరెక్టరీలను చేర్చుకొన్న ఎమ్మెస్-డాస్ '\' గుర్తును పట్టినది. '/' అందు అప్పటికే వేరొక పనిలో ఉండెను. గీత ఎటు వాలవలెనన్న ఈ చిన్న విషయము ప్రోగ్రాములు వ్రాయువారికి చాలకాలము తలనొప్పి అయినది!

ఏలయనగా, ప్రోగ్రామింగు భాషలు త్రోవను వట్టి అక్షరముల వరుసగానే చూచినవి. 'బడి', 'మార్కులు' అను పేర్లను కలుపునప్పుడు నడిమి గీత మరచినచో 'బడిమార్కులు' అగును. చదువబోయిన అట్టి ఫైలు లేదని కంప్యూటరు చెప్పును. వ్రాయబోయిన మాత్రము కిమ్మనక ఆ పేరుతో క్రొత్తది సృష్టించును. ఉపాధ్యాయుడు మార్కులు దాచితిననుకొన్న చోట అవి ఉండవు.

గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్ భాషలోను ఇదియే స్థితి. పైగా త్రోవలు కలుపుటకు ఒక ఉపకరణము, ప్రతి తీయుటకు మరొకటి, పేర్లు వెదకుటకు వేరొకటి. త్రోవను ఒక ప్రత్యేకవస్తువుగా భావింపవలెనని 2006లో వచ్చిన ప్రతిపాదన నెగ్గలేదు. ఆంట్వాన్ పిత్రూ రూపొందించిన 'పాత్‌లిబ్' 2014లో పైథాన్ 3.4తో వచ్చినది. అందు త్రోవ అక్షరముల వరుస కాదు. తాను ఏ డైరెక్టరీలో ఉన్నదో, ఆ ఫైలు నిజముగా కలదో లేదో అడిగిన చెప్పగలదు. బడి / 'మార్కులు' అని వ్రాసిన చాలును, ఆ యంత్రమునకు తగిన గీత తానే పడును. భాగహారపు గుర్తు కలుపుటకు వచ్చుట వింతయే.

అయినను మొదట ఫైలును తెరచు సాధనమే ఈ క్రొత్త త్రోవను అంగీకరింపలేదు! మరల అక్షరములుగా మార్చి ఈయవలసివచ్చెను. 2016లో వచ్చిన 3.6 ఆ చిక్కు తీర్చినది. ఫైలుకు ప్రతి తీయు పని పాత్‌లిబ్‌లోనికి చేరుటకు 2025 అక్టోబరునాటి 3.14 వరకు ఆగవలసినది.