బౌలింగ్ బంతి లేఅవుట్

టెన్‌పిన్ బౌలింగ్ బంతిలో వేళ్ళ రంధ్రాలను లోపలి కోర్‌ను బట్టి ఏ స్థానంలో తొలవాలో నిర్ణయించే పద్ధతిని లేఅవుట్ అంటారు. దీనికీ క్రికెట్‌లోని బౌలింగుకూ సంబంధం లేదు. ఒకే రకమైన రెండు బంతులను వేర్వేరు లేఅవుట్లతో తొలిస్తే, అవి వేర్వేరు చోట్ల, వేర్వేరు తీరులలో మలుపు తిరుగుతాయి.

నేపథ్యం

ఫౌల్ గీత నుండి మొదటి పిన్ను వరకు లేన్ పొడవు 60 అడుగులు. దీని ముందు భాగంలో నూనె పూస్తారు. బంతి మొదట నూనెపై జారి, తరువాత వంపు తిరిగి, చివరకు దొర్లుతూ పిన్నులను తాకుతుంది. సుమారు 6 డిగ్రీల కోణంలో తాకితే అన్ని పిన్నులూ ఒకేసారి పడే అవకాశం ఎక్కువ. తిన్నగా వేసిన బంతికి ఈ కోణం రాదు. అందువలన బంతి ఎక్కడ వంపు తిరుగుతుందన్నది ముఖ్యం.

ఆధునిక బంతుల లోపల కోర్ అనే బరువైన దిమ్మ ఉంటుంది. దాని పైకొన ఉన్న చోటును బంతిపై ఒక రంగు చుక్క సూచిస్తుంది. ఈ చుక్కనూ పిన్ అనే పిలుస్తారు. కోర్ ప్రభావం వలన బంతి భ్రమణాక్షం దారిలో కొద్దికొద్దిగా జరుగుతుంది. అప్పుడు ప్రతి చుట్టులోనూ నూనె అంటని కొత్త ఉపరితలం లేన్‌ను తాకి, ఘర్షణ పెరుగుతుంది. దీనిని ఫ్లేర్ అంటారు.

అక్ష బిందువు

బంతి చేతి నుండి విడుదలైనపుడు భ్రమణాక్షం ఉపరితలాన్ని తాకే చోటును అక్ష బిందువు (పీ.ఏ.పీ.) అంటారు. బంతిపై నూనె వదిలిన మొదటి వలయానికి అన్ని వైపులా సమదూరంలో ఉన్న బిందువును గుర్తించి దీనిని కనుగొంటారు. ఇది ఆటగాడిని బట్టి మారుతుంది. ఒకరికి పట్టు మధ్య నుండి 5 అంగుళాల దూరంలో ఉంటే, మరొకరికి 4 అంగుళాలలోనే ఉండవచ్చు. కనుక ఇతరుల బంతిపై ఉన్న రంధ్రాల అమరికను చూసి అలాగే తొలిపిస్తే అదే ఫలితం రాదు.

ముఖ్య కొలతలు

అమెరికాకు చెందిన బంతుల రూపకర్త మో పినెల్ ప్రచారంలోకి తెచ్చిన ద్వికోణ పద్ధతిలో మూడు కొలతలు ఉన్నాయి.

* పిన్ నుండి అక్ష బిందువుకు దూరం: ఇది 0 నుండి 6¾ అంగుళాల వరకు ఉంటుంది. సౌష్ఠవ కోర్ ఉన్న బంతిలో 3⅜ అంగుళాల వద్ద ఫ్లేర్ అత్యధికం. రెండు చివరల వద్ద ఫ్లేర్ దాదాపు ఉండదు.
* డ్రిల్లింగ్ కోణం: ఇది తక్కువైతే బంతి త్వరగా దొర్లడం మొదలుపెడుతుంది. ఎక్కువైతే ఆలస్యమవుతుంది. కోర్ సౌష్ఠవం లేని బంతులలో దీని ప్రభావం స్పష్టంగా ఉంటుంది.
* నిలువు అక్షరేఖ కోణం: ఇది తక్కువైతే మలుపు చురుకుగా, ఎక్కువైతే నిదానంగా ఉంటుంది.

ఎంపిక

వేగం ఎక్కువగా, భ్రమణాలు తక్కువగా ఉన్నవారి బంతికి వంపు తిరిగే సమయం చాలదు. వారికి రెండు కోణాల మొత్తం తక్కువగా ఉన్న లేఅవుట్ అనుకూలం. భ్రమణాలు ఎక్కువగా ఉన్నవారికి పెద్ద కోణాలు నప్పుతాయి.

నియమాలు, పరిమితులు

ఒకప్పుడు తొలిచిన తరువాత బంతి నడక నచ్చకపోతే, పట్టుకు ఉపయోగపడని అదనపు రంధ్రం వేసి సరిచేసేవారు. యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ 2020 ఆగష్టు 1 నుండి తన పోటీలలో ఇటువంటి రంధ్రాలను నిషేధించింది. రంధ్రాలను పూడ్చి మళ్ళీ తొలవడం సాధ్యమే అయినా, అది ఖర్చుతో కూడిన పని. కనుక మొదటి లేఅవుట్ ఎంపికకు ప్రాధాన్యం పెరిగింది.

అయితే బంతి నడకపై లేఅవుట్ కంటే ఉపరితల పదార్థం, దాని గరుకుదనం ఎక్కువ ప్రభావం చూపుతాయి. నూనె ఎక్కువగా ఉన్న లేన్‌పై నునుపైన బంతి జారిపోతుంటే, లేఅవుట్ మార్చడానికి ముందు ఉపరితలాన్ని గరుకు కాగితంతో రుద్ది చూడటం మేలు.