ఋతుక్రమమును గూర్చిన మౌనము

మన యిండ్లలో గొంతు తగ్గించి పలుకు మాటలు కొన్ని గలవు. స్త్రీల నెలసరిని గూర్చిన మాట వానిలో మొదటిది. కోడలికి నెలకు రెండుమారులు వచ్చినను, మూడునెలలు రాకున్నను అత్తగారికి తెలియును గాని వైద్యునికి తెలియదు. ఈ మౌనము శాస్త్రసమ్మతమని పెక్కురు తలచుచున్నారు. అది యెంతవరకు నిజమో విచారింతము.

చరకసంహిత చికిత్సాస్థానమున 30వ యధ్యాయము స్త్రీరోగములను గూర్చి చెప్పుచు, 20 విధములైన యోనివ్యాపత్తులను లెక్కించినది. మాసమున కొకసారి, మంటయు నొప్పియు లేక, అయిదు రాత్రులుండి, అధికముగాని అల్పముగాని కాని స్రావము శుద్ధమైనదని అందలి నిర్ణయము. స్రావము మితిమీరినచో దానికి అసృగ్దరమని పేరు. ఋతువు నిలిచిపోవుటను సుశ్రుతసంహిత వ్యాధిగానే విచారించినది. ఆ ప్రాచీనులు చెప్పిన కారణములన్నియు నేడు నిలువవు. కాని కాలమెంత, పరిమాణమెంత, బాధ యెంత యను వారి మూడు ప్రశ్నలనే నేటి వైద్యురాలును మొట్టమొదట అడుగుచున్నది. కావున సిగ్గు శాస్త్రము నేర్పినది కాదు, ఆచారము నేర్పినది.

ఆ సిగ్గునకు స్త్రీలు చెల్లించిన మూల్యము గొప్పది. పురుషవైద్యునికి చెప్పుకొనలేక యెందరో బాధను మ్రింగి యుండిరి. మదరాసులో నొక బారిష్టరు భార్యయైన మేరీ షార్లీబు ఈ దుఃస్థితిని చూచి, 1875లో మరి ముగ్గురు స్త్రీలతో గూడ మదరాసు వైద్యకళాశాలయందు చేరెను. 1885లో ఆ నగరమున గోషాస్త్రీలకై వైద్యశాల యేర్పడుటకు ఆమె కృషియే ముఖ్యకారణము. మన గుంటూరునకు 1883లో అన్నా కూగ్లరను అమెరికా వైద్యురాలు వచ్చి, 1930లో మరణించువరకు ఆంధ్రస్త్రీలకు సేవచేసెను. వినువారు దొరికిన పిదపనే స్త్రీలు తమ బాధను చెప్పుకొనగలిగిరి.

శాస్త్రమును ఆ కాలముననే ముందునకు సాగెను. 1923లో ఆలెన్, డాయిజీ యను అమెరికా శాస్త్రజ్ఞులు అండాశయమునుండి పుట్టు హార్మోనును చూపిరి. 1924లో జపానుదేశస్థుడగు ఓగినో, రాబోవు ఋతువునకు 12 మొదలు 16 దినములకు ముందు అండము విడుదలయగునని తేల్చెను. 1935లో స్టెయిన్, లెవెంథాల్ అను వైద్యులు, అండాశయములు నీటితిత్తులతో పెరిగి ఋతువు తప్పుచుండు వ్యాధిని వర్ణించిరి. నేడు పి.సి.ఓ.ఎస్. అని మన బాలికలు వినుచున్నది దానినే. గ్రహదోషమనియు పూర్వజన్మపాపమనియు నిందలుపడిన స్త్రీలలో ఎందరిది ఇట్టి వ్యాధియో!

మా తప్పొకటి యిచ్చట నొప్పుకొనవలెను. తరగతిలో పాలిపోయిన ముఖముతో బల్లపై తలవాల్చిన యొక బాలికను సోమరియని మేము మందలించితిమి. నెలకు పదేసి దినములు రక్తము పోవుచుండెననియు, రక్తహీనత ముదిరినదనియు తరువాత తెలిసినది. ఆ పిల్ల తల్లికైనను చెప్పలేదు. ఆమెను మందలించిన మాకు అడుగవలెనని తోచలేదు.

కావున గృహస్థు లెరుగవలసిన గుర్తులు చెప్పుచున్నాము. పెద్దవారికి సాధారణముగా 21 మొదలు 35 దినముల కొకసారి ఋతువు వచ్చును. రజస్వలయైన తొలి సంవత్సరములలో 45 దినములవరకు జాగైనను భయపడనక్కరలేదు. కాని 15 ఏండ్లు నిండినను రజస్వల కాకున్నను, మూడునెలలు ఋతువు తప్పినను, స్రావము 7 దినములు మించినను, నడుమ నడుమ రక్తము కనబడినను, నొప్పిచే బడియో పనియో మానవలసి వచ్చినను వైద్యురాలిని చూడవలెను. గర్భమునకు అవకాశమున్నచో మొదట ఆ పరీక్ష చేయించుకొనవలెను. గంటకొక ప్యాడు తడిసిపోవుచున్నను, కన్నులు తిరిగి పడిపోవుచున్నను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. ముట్లుడిగి సంవత్సరము దాటిన పిదప కనబడిన రక్తము ఒక్క చుక్కయైనను ఉపేక్షింపరాదు. అది కొన్నియెడల పుట్టకురుపునకు తొలి సూచన.

గోడమీది క్యాలెండరులో పాలలెక్క వ్రాసికొనుటకు మనము సిగ్గుపడము. అందే యొక మూల బాలిక తన తేదీకి చుక్క పెట్టుకొన్నచో తప్పేమి? ఆర్నెల్ల చుక్కలు చూపినచో, వైద్యురాలి ప్రశ్నలలో సగమునకు ఆమె నోరు విప్పకయే సమాధానము చెప్పినట్లగును.