లాంబిక్ పీపాలో ద్రాక్షపండ్లు

ధాన్యమునుండి కాచిన మద్యము వేఱు, ద్రాక్షనుండి తీసిన మద్యము వేఱు అను విభజన ఏ ఒక్క దేశమునకో చెందినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో సురాధ్యక్షుని విధులను చెప్పు అధ్యాయమున మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆఱు భేదములు చెప్పబడినవి; అందు మేదక ప్రసన్నలు బియ్యము, పిండి మొదలగు వానికి కిణ్వమును చేర్చి చేయునవి కాగా, ద్రాక్షరసమునకు మధువను పేరు దక్కి, పుట్టినచోటును బట్టి కాపిశాయనమనియు హారహూరకమనియు దానికి నామాంతరములు కూడ ఏర్పడినవి. క్రీ.శ. 98 ప్రాంతమున జర్మను జాతులను గూర్చి వ్రాసిన రోమను చరిత్రకారుడు టాసిటస్, వారు బార్లీనుండియో గోధుమనుండియో వైనును పోలిన యొక పానీయమును పులియబెట్టుకొందురనియు, నదీతీరమునకు దగ్గఱనున్నవారు మాత్రము వైనును కొని త్రాగుదురనియు తెలిపెను. ఆనాడు ఒక నది గీసిన ఆ గీతను తరువాతి కాలమున రాజుల సుంకములును, వర్తకసంఘముల కట్టుబాట్లును మఱింత లోతుగా చెక్కినవి. బ్రసెల్స్ నగరమున ద్రాక్షపండ్లను బీరు పీపాలలో ఊరవేసి చేయు పుల్లని పానీయమును గూర్చి విచారించువారికి మొదట ఎదురగు ప్రశ్న ఇదియే: ఈ గీత ప్రకృతి గీసినదా, మనుష్యుడు గీసినదా?

ఈ ప్రశ్నకు పురావస్తుశాస్త్రము ఒక సమాధానమును చూపినది. నేటి తుర్కీ దేశమున గోర్డియన్ అనుచోట, ఫ్రిజియా రాజులలో ఒకనిదైన పెద్ద సమాధిదిబ్బను 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు మ్యూజియమువారు త్రవ్వగా, క్రీస్తుకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమునాటి అంత్యక్రియల విందులో వాడిన కంచుపాత్రలు నూటికి పైగా బయల్పడినవి. వాని అడుగున ఎండి అంటుకొనియున్న మడ్డిని నలుబదియేండ్ల తరువాత పాట్రిక్ మెక్‌గవర్న్ అను పండితుడు రసాయనపరీక్షకు గుఱిచేసెను. ద్రాక్షకు గుర్తయిన టార్టారికామ్లమును, బార్లీబీరు విడిచిపోవు కాల్షియము ఆక్సలేటును, తేనెపట్టునందలి మైనపు అంశములును ఆ మడ్డిలో కలిసియుండెను. అనగా ఆ విందున పోసినది వైను కాదు, బీరు కాదు, తేనెమద్యము కాదు. మూడును ఏకమైన పానీయము. 1999లో వెలువడిన ఈ ఫలితమును నేనిట ముందుగా చెప్పుట, నేటి బ్రసెల్స్ పానీయము ఆనాటిదానికి వారసత్వమని నిరూపించుటకు కాదు. అట్టి అవిచ్ఛిన్నపరంపర లేదు. ద్రాక్షయు ధాన్యమును ఒకే పాత్రలో పులియుటకు ప్రకృతి అభ్యంతరము చెప్పదని చూపుటకు మాత్రమే.

ఇక బ్రసెల్స్‌కు వత్తము. ఆ నగరమునకు నైరుతిదిక్కున సెన్ నదీలోయయందు పయోటెన్‌లాండ్ అను వ్యవసాయసీమ కలదు. అచ్చటి గోధుమబీరునకు లాంబిక్ అని పేరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మూడింట రెండు పాళ్లు, మొలకెత్తించని పచ్చిగోధుమ ఒక పాలు, ఏండ్లతరబడి నిలువయుంచి చేదును సుగంధమును పోగొట్టిన హాప్స్ పువ్వులు, నీరు, ఇవియే దాని సంబారములు. ఈ జాబితాలో లేనిది ఈస్టు. మనము పాలు తోడుపెట్టునపుడు నిన్నటి పెరుగును ఒక చెంచెడు వేయుదుము. లాంబిక్‌కు అట్టి తోడు లేదు. గంటలకొలది కాచిన తీపికషాయమును వెడల్పుగా లోతు తక్కువగా నుండు రాగితొట్టిలో పోసి, కప్పుక్రింద చూరుగదిలో కిటికీలు తెఱచి ఒక రాత్రి విడిచిపెట్టుదురు. ఆ రాత్రి గాలిలో తేలివచ్చిన సూక్ష్మజీవులే తోడు. తాటికల్లు లొట్టిలో తనంతట తాను పొంగుటను ఎఱిగిన తెలుగువారికి ఇందులో వింత తోచదు గాని, ఐరోపా బీరుపరిశ్రమలో ఇది నేడు అపురూపమైన పద్ధతి.

అపురూపమగుటకు కారణము చరిత్రలో కలదు. బవేరియాలో 1516నాటి శాసనము బీరునకు బార్లీ, హాప్స్, నీరు తప్ప మఱియేమియు కూడదని విధించి, పండ్లను వాకిటనే నిలిపివేసెను. ఆ శాసనమునకు లోబడని, బ్రసెల్స్ చేరియున్న దక్షిణ నెదర్లాండ్స్ సీమలో గోధుమయు పండ్లును నిలిచినవి. 1822లో ఐక్య నెదర్లాండ్స్ ప్రభుత్వము గింజలను నానబెట్టు తొట్టి పరిమాణమును బట్టి పన్ను విధింపగా, చిన్నతొట్టిలో వీలైనంత ధాన్యమును క్రుక్కి, తెల్లని చిక్కని ద్రవమును పలుమాఱులు తోడి మరగించు శ్రమతోకూడిన విధానము ఆ సీమలో వేళ్లూనినది. పన్ను పోయినను విధానము పోలేదు. ఏలయన, ఆ చిక్కని ద్రవములో మిగిలిపోవు పిండిపదార్థములే మూడేండ్లపాటు సూక్ష్మజీవులకు ఆహారమగుచున్నవి. ఒక పన్నులశాఖ నియమము ఒక రుచికి పునాదియగుట ఆశ్చర్యకరమే.

తరువాత శాస్త్రయుగము వచ్చినది. 1876లో లూయీ పాశ్చర్ బీరును గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలయందు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచు మార్గమును సాధించెను. అంతటినుండి గాలినుండి వచ్చినదంతయు మాలిన్యమనియు, పుల్లబడిన బీరు చెడిన బీరనియు ప్రపంచము తీర్పు చెప్పినది. ఆ తీర్పు చాలవఱకు న్యాయమే. దానివలన కోట్లమందికి స్థిరమైన చవుకైన పానీయము లభించెను. కాని అదే కార్ల్స్‌బర్గ్ సంస్థలో 1904లో క్లాసెన్ అను శాస్త్రజ్ఞుడు, ఇంగ్లండు దేశపు నిలువబీరులకు ఆ విశిష్టమైన పరిమళమునిచ్చునది వేఱొక మందగతి గల ఈస్టు అని కనుగొని దానికి బ్రెట్టనోమైసిస్ అని పేరిడెను. 1921లో కుఫెరాత్, వాన్ లేర్ అను ఇరువురు ఆ జాతినే లాంబిక్‌నుండి వేఱుచేసి దానికి బ్రసెల్స్ పేరునే తగిలించిరి. మాలిన్యమన్నదానికి ఈ విధముగా నామకరణమై, కులగోత్రములు తెలిసినవి.

ఇక పీపాలో జరుగు పరిణామమును కొంచెము నిదానముగా చూడవలెను. చల్లారిన కషాయము ఓకు లేక చెస్ట్‌నట్ కొయ్యపీపాలలోనికి చేరిన మొదటివారములలో పేగులలో నివసించు జాతికి చెందిన బాక్టీరియాలు విజృంభించును. ఆమ్లము పెరుగగా అవి నశించి, బీరునకు వైనునకు ఉమ్మడియైన సామాన్యపు ఈస్టు రంగము నాక్రమించి చక్కెరలను ఆల్కహాలుగా మార్చును. వేసవి వేడిమికి పెడియోకాకస్ అను బాక్టీరియా మేల్కొని లాక్టికామ్లమును, అనగా పెరుగునందలి పులుపునే, కూర్చును. కట్టకడపట బ్రెట్టనోమైసిస్ వచ్చి, తక్కినవి జీర్ణించుకొనలేని పదార్థములను నెలలతరబడి మెల్లమెల్లగా తినును. పండ్లవాసనయు, తడిసిన కొయ్యవాసనయు, గుఱ్ఱపుసాలను తలపించు వాసనయు దానివలననే కలుగును. ఒకటి, రెండు, మూడేండ్ల లాంబిక్‌లను కలిపి షాంపేను సీసాలవంటి దళసరి సీసాలలో మరల పులియనిచ్చినచో గ్యూజ్ అగును. కషాయమునకు తోడగు జీవులు సెన్ లోయ తోటలనుండియే రావలెనని పూర్వులు నమ్మిరి. నగరమున ఆ నదిని 1867 మొదలు 1871 వఱకు కమానులక్రింద కప్పివేసిన పిదపను బీరు పులియుచునేయున్నది; పీపాల కొయ్యలును, దూలములును, ఆ కట్టడమంతయు ఆ జీవులకు ఆవాసమని నేటి పరిశోధకులు చెప్పుచున్నారు.

ఈ పద్ధతిని బ్రసెల్స్ నగరములో నేటివఱకు నిలిపినవారిలో ఆండెర్లెక్ట్‌లోని కాంటియోన్ కుటుంబమువారు ముఖ్యులు. లెంబేక్ గ్రామమునుండి వచ్చిన పౌల్ కాంటియోన్ 1900లో లాంబిక్‌ను కొని కలిపి అమ్మువాడుగా జీవనమారంభించెను. కాచుట 1930లలో మొదలైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరము జనుల రుచి తీపిసోడాలవైపు మరలినది. అనేకులు గ్యూజ్‌ను వడకట్టి, తీపిచేసి, గుర్తుపట్టరాని వస్తువుగా మార్చి అమ్మిరి, మారలేనివారు మూతవేసిరి. కాంటియోన్ ఇంటి అల్లుడైన జాన్-పియర్ వాన్ రోయ్ తీపిచేయుటకు ఒడంబడక, 1978లో ఆ కర్మాగారమునే సజీవప్రదర్శనశాలగా తెఱచి, వచ్చినవారికి రాగితొట్టిని, పీపాలను, వానిమధ్య వ్రేలాడు సాలెగూళ్లను చూపెను. ఆ గూళ్లను వారు దులుపరు. పండ్లకు మూగు ఈగలను పట్టు కావలివాండ్రు సాలెపురుగులే.

లాంబిక్‌లో పండ్లను ఊరవేయుట అచ్చట పూర్వాచారము. బ్రసెల్స్ శివారులోని స్కార్‌బేక్ పేరుతో ప్రసిద్ధమైన పుల్లని చెఱ్ఱీపండ్లతో చేసిన క్రీక్ అందు ప్రధానము. ద్రాక్ష మాత్రము అట్లు ప్రాచీనము కాదు. బ్రసెల్స్‌కు ఆగ్నేయమున హూలార్ట్ గ్రామమున 1865లో ఫెలిక్స్ సోహీ అద్దాలగది కట్టి ద్రాక్షను పండించుట మొదలిడగా, ఆ చుట్టుప్రక్కల అద్దాలతోటలు వేలసంఖ్యలో వెలసినవి. అయినను ఆ పండ్లు భోజనపుబల్లల కొఱకు పెంచినవి. వైను చేయు ద్రాక్షను లాంబిక్‌లో వేసి ఒక స్థిరమైన రూపమునిచ్చినది గత శతాబ్దపు ఉత్తరార్ధమున కాంటియోన్‌వారే యని చెప్పుట సబబు. ఇటలీనుండి వచ్చిన తెల్లని మస్కట్ ద్రాక్షతో చేసినదానికి విన్యెరోన్, అనగా ద్రాక్షతోట సాగుచేయు స్త్రీ, అని పేరిడిరి. ఫ్రాన్సులో బోర్డో సీమనుండి వచ్చిన మెర్లో, కాబెర్నే ఫ్రాంక్ అను నల్లద్రాక్షలతో చేసినది సెయింట్ లామ్వినస్. లాంబిక్‌ను, వైనును, సాంతెమిలియోన్ గ్రామమును ఒక్క పేరులో కూర్చిన చమత్కార మది. కనుక దీనిని శతాబ్దాల సంప్రదాయమని ప్రచారముచేయుట పొరబాటు. తోడులేని పులియుటయు, పీపాయు, నిరీక్షణయు ప్రాచీనములు. ద్రాక్ష ఆ ప్రాచీనగృహమునకు వచ్చిన అతిథి. ఇట్లనుట దాని విలువను తగ్గించుట కాదు. తన నియమములను విడువక క్రొత్తదానిని ఇముడ్చుకొనగలిగిన సంప్రదాయమునే నేను జీవించియున్నదని యొప్పుకొందును.

చెఱ్ఱీకంటె ద్రాక్ష కఠినమైన అతిథి. ద్రాక్ష శరదృతువున కోతకు వచ్చును. అప్పటికి రెండేండ్ల వయస్సు గల లాంబిక్ ఎండిపోయి, దాదాపు చక్కెరయే లేక యుండును. అందులో పండ్లు పడగానే చక్కెర మరల దొరకి, నిద్రించిన ఈస్టులు లేచి పీపా పొంగును. తొక్కలపై అంటివచ్చిన ద్రాక్షతోటల ఈస్టులును ఇందులో చేరును. లాంబిక్‌కు స్వతస్సిద్ధమైన లాక్టికామ్లమునకు ద్రాక్షయందలి టార్టారికామ్లము తోడై పులుపునకు రెండంతస్తు లేర్పడును. గోర్డియన్ పాత్రల మడ్డిలో దొరకినది ఈ ఆమ్లమే. తొక్కలనుండి వర్ణమును, గింజలనుండి తొక్కలనుండి వగరును దిగును. వగరు మితిమీఱినచో ఆ పీపా కొన్ని నెలలు నాలుకను పట్టివేయును. దానికి కాలమొక్కటే మందు. ఇందొక విశేషమును చెప్పక మానరాదు. బ్రెట్టనోమైసిస్‌ను వైను చేయువారు మహాశత్రువుగా భావింతురు. ఎఱ్ఱవైనులో ఆ గుఱ్ఱపుసాల వాసన పొడసూపిన పీపాలు పీపాలే నష్టమగును. మెర్లో ద్రాక్ష తన స్వస్థలమున ఏ జీవికి జంకునో, ఆ జీవి యేలుబడి చేయు ఇంటికే బ్రసెల్స్‌లో చేరుచున్నది. రెంటి మైత్రి సాధ్యమగుట నా దృష్టిలో ఈ పానీయపు ఘనత.

1997లో లాంబిక్ కాచువారును కలుపువారును హోరాల్ అను సంఘముగా ఏర్పడిరి. అదేయేట ఐరోపా సమాజము ప్రాచీనపద్ధతిలో చేసిన గ్యూజ్ పేరునకు రక్షణ కల్పించెను. ఆ పిమ్మట ఈ ద్రాక్షమార్గము ఇతరులకును దారిచూపినది. పియర్ తిల్కాన్ 2011లో తన తొలి గ్యూజ్‌ను వెలువరించి, అనంతరము పినో న్వార్, రీస్లింగ్ ద్రాక్షలను లాంబిక్‌లో ఊరవేసెను. ఇటలీలో సార్డీనియా ద్వీపమున నికోలా పెర్రా 2006లో కన్నొనావు ద్రాక్షరసమును కాచి చిక్కబఱచి బీరులో కలిపెను. పీడ్‌మాంట్‌లో వాల్టర్ లొవేరియర్ బార్బేరా ద్రాక్షతొక్కల ఈస్టులతోనే బీరును పులియించెను. 2015నాటికి బీరులను వర్గీకరించు అమెరికా పరీక్షకుల గ్రంథమున ఇటాలియన్ గ్రేప్ ఏల్ అను వర్గమునకు స్థానము లభించెను. అమెరికాలో మెయిన్ రాష్ట్రమున అల్లగాష్ అను బీరుకర్మాగారమువారు 2007లో బ్రసెల్స్ పద్ధతిలో రాగితొట్టివంటి చల్లార్చు తొట్టిని కట్టించి, తోడులేని బీరు ఆ గాలిలోను పులియునని నిరూపించిరి. వీరిలో కొందఱి ప్రయోగములందు ద్రాక్ష సుగంధద్రవ్యమువలె పైపైన నిలుచును. రసమును మాత్రము పోయుట సులభము, ఫలితము శీఘ్రము. పండును తొక్కతో గింజతో అప్పగించి నెలలు వేచియుండుటలో గల లోతు దానికి రాదు.

లాంబిక్‌ను వేసవిలో కాచరు. రాత్రులు వెచ్చగా నున్నచో తొట్టి తగినంత చల్లబడకపోవుటయే కాక, కూడని బాక్టీరియాలు ముందుగా పట్టును. అందుచే అక్టోబరు మొదలు ఏప్రిల్ వఱకు చలిరాత్రులే వారి ఋతువు. భూమి వేడెక్కుచున్నకొలది ఆ ఋతువు రెండుకొనల కుఱచయగుచున్నది. ఆ వేడిమికే బోర్డో ద్రాక్ష తొందరపడి పండుచున్నది. ఫ్రాన్సు తోటలలో కోత ముందునకును, బ్రసెల్స్ చూరుగదిలో తొట్టి నిండు తొలిరాత్రి వెనుకకును జరుగుచున్నవి.