గేలిక్ స్థలనామములు

ఐర్లాండునందును, స్కాట్లండు ఉన్నతభూములందును, ఆ పడమటి దీవులందును ఊళ్లకు, గుట్టలకు, పొలములకు, మడుగులకు గేలిక్ భాషీయులు పెట్టిన పేర్లను గేలిక్ స్థలనామము లందురు. వీనిలో అధికభాగము నేల స్వరూపమునో, దానిపై సాగిన జీవనమునో తెలుపును. ‘క్నాక్’ గుట్ట, ‘గ్లెన్’ కోన, ‘లాఖ్’ సరస్సు, ‘డూన్’ కోట. గ్లెండలాఖ్ రెండు సరస్సుల కోన. డెర్రీ ఓకు చెట్ల తోపు. డొనెగాల్ పరదేశీయుల కోట. స్కాట్లండు కొండలలో ‘ఆరి’ అను పదముగల పేర్లు, వేసవిలో పశువులను తోలుకొనిపోయి కాపరులు నివసించిన గుడిసెల తావులను సూచించును. ఆ జీవనవిధానము అంతరించినను, దాని జాడ పేర్లలో నిలిచియున్నది.

స్థలనామములయెడ గేలిక్ జాతికి గల ఆదరము ప్రాచీనమైనది. ప్రసిద్ధ స్థలములకు ఆ పేర్లెట్లు వచ్చినవో తెలుపు గాథలను గద్యపద్యములలో కూర్చిన ‘దిన్‌షెనహస్’ అను వాఙ్మయము, 12వ శతాబ్దికి చెందిన ‘లెన్‌స్టర్ గ్రంథము’ మున్నగు వ్రాతప్రతులలో నేటికిని లభించుచున్నది. ఆ గాథలలో కల్పన మెండు. అయినను పేర్ల ప్రాచీనరూపములను నిర్ణయించుటకు అవి విలువగల ఆధారములు.

ఆంగ్లేయుల పాలన వ్యాపించిన పిదప భూమిపత్రముల లేఖకులు ఈ పేర్లను చెవికి తోచినట్లు ఆంగ్లలిపిలో వ్రాసికొనిరి. అందువలన భిన్నపదములు ఏకరూపము దాల్చినవి. ‘కిల్’ అనునది ఒకచోట చర్చికిని, వేరొకచోట అడవికిని వికృతరూపము. కిల్మోర్ అను పేరుగల ఊళ్లలో ఏది పెద్ద చర్చియో, ఏది పెద్ద అడవియో స్థానికుల ఉచ్చారణమును, పూర్వలేఖనములను పోల్చి చూచిననే తేలును.

ఈ పరిశీలనమును శాస్త్రీయముగ నడపిన మహనీయుడు జాన్ ఓడోనవన్ (1806–1861). స్థానికపన్నుల సవరణకై 1824లో ఆరంభమై, మైలుకు ఆరంగుళముల ప్రమాణమున ఐర్లాండు దేశమంతటిని చిత్రించిన ఆర్డ్‌నన్స్ సర్వేలో 1830లో చేరి, ఆయన ఊరూర తిరిగి, వృద్ధుల నోట పేర్లను విని, ప్రాచీనగ్రంథములతో సరిచూచి, ఐరిష్ (ఐర్లాండు గేలిక్) రూపములను, అర్థములను ‘నామపుస్తకము’లలో నమోదు చేసెను. టౌన్‌లాండులను భూభాగములే అరువదివేలకు మించియుండుటచే ఈ శ్రమ యెంతటిదో ఊహింపవచ్చును. ముద్రిత పటములపై ఆంగ్లరూపములే నిలిచినవి. ఐరిష్ రూపములు ఆ పుస్తకములలోనే ఉండిపోయినవి. 1845లో దాపురించిన మహాక్షామమున పదిలక్షలమంది మరణించి, మరి పదిలక్షలు వలసపోగా, ఐరిష్ భాషీయుల పల్లె లనేకము శూన్యములైనవి. అంతకు ముందే పూర్తియైన ఆ నమోదు లేకున్న ఎన్నో పేర్ల అర్థము శాశ్వతముగ నశించెడిది.

తరువాత పాట్రిక్ వెస్టన్ జాయిస్ 1869లో ఐరిష్ స్థలనామముల చరిత్రను ప్రకటింప నారంభించెను. స్కాట్లండులో సర్వేవారు భూస్వాముల, మతాచార్యుల మాటకే తరచుగ ప్రాధాన్య మొసగగా, డబ్ల్యు. జె. వాట్సన్ స్థానిక గేలిక్ ఉచ్చారణమును ప్రమాణముగ గైకొని పరిశోధించి, 1926లో తన బృహద్గ్రంథమును వెలువరించెను.

ఐర్లాండు ప్రభుత్వము 1946లో స్థలనామ సంఘమును నియమించెను. 2003 నాటి అధికారభాషా చట్టము ననుసరించి ఐరిష్ మాటలాడు ప్రాంతములలో ఐరిష్ పేర్లకే అధికారస్థానము లభించినది. అయినను పటముల కెక్కని పొలముల, బండల పేర్లు ఇంకను వృద్ధుల జ్ఞాపకమునందే యున్నవి. వానిని చెప్పువారుండగనే వ్రాసికొనుట ఓడోనవన్ చూపిన మార్గము, నేటి పరిశోధకుల ప్రథమకర్తవ్యము.